తరగతిగదిలో కంప్యూటరు - మాతృభాష

విద్యాభ్యాసమునకు సాధనము లేని కాలము లేదు. వీథిబడిలో బాలుడు తొలుత ఇసుకలో వ్రేలితో ఓనమాలు దిద్దెను. తాటియాకును గంటమును, పలకయు బలపమును, అచ్చుపుస్తకమును నల్లబల్లయు కాలక్రమమున వచ్చినవి. ఇవి యన్నియు గురుశిష్యుల చేతులలో పనిముట్లుగనే నిలిచినవి. నేడు ఆ వరుసలోనికి కంప్యూటరు వచ్చినది. అయితే వెనుకటి వానికిని దీనికిని ఒక ముఖ్యమైన భేదము కలదు. పలక ఏ భాషనైనను ఒక్కతీరుగనే స్వీకరించును. దానిపై తెలుగు వ్రాసినను, ఉర్దూ వ్రాసినను, కోయభాష వ్రాసినను దానికి పట్టింపు లేదు. కంప్యూటరు అట్టిది కాదు. దానికి ముందుగ ఎవరో ఒక భాష నేర్పవలెను. అందలి పాఠములను ఎవరో ముందుగ కూర్చి పెట్టవలెను. వారెవరో, వారి భాష యేదో, ఆ పాఠములు ఏ పిల్లలకొరకు కూర్పబడినవో విచారింపక యంత్రమును బడిలోనికి తెచ్చినచో, మరియొకరి భాషయు, మరియొకరి బోధనాక్రమమును దానివెంట వచ్చును.

కంప్యూటరు పాఠశాలకు రావలెనా, వలదా యను చర్చకు ఇప్పుడు ప్రయోజనము లేదు. అది వచ్చియే యున్నది. కేంద్ర విద్యాశాఖ ప్రకటించిన యూడైస్ ప్లస్ లెక్కలనుబట్టి 2023-24 విద్యాసంవత్సరమున దేశములోని పాఠశాలలలో నూటికి 57.2 వంతున కంప్యూటరు సదుపాయము కలదు. ఇంటర్నెట్ సదుపాయము 53.9 వంతున కలదు. మరుసటి సంవత్సరమునకు ఈ సంఖ్యలు 64.7కును, 63.5కును పెరిగినవి. ఇంకను మూడవవంతు పాఠశాలలకు యంత్రము చేరలేదన్నది ఒక లోపము. దానిని ధనముతో పూరింపవచ్చును. యంత్రము చేరిన చోట అది ఏమి చేయుచున్నది, ఏ భాషలో చేయుచున్నది, ఎవరి చేతిలో నున్నది అనునవి ధనముతో మాత్రమే తీరని ప్రశ్నలు. తెలుగు భాషాధ్యయనమునకు సంబంధించినవారు చర్చింపదగినవి ఈ రెండవ తెగ ప్రశ్నలే.

ఈ విషయమున మన దేశము అనుభవము లేనిది కాదు. 1975 ఆగస్టు 1వ తేదీ మొదలు 1976 జూలై 31వ తేదీ వరకు జరిగిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగము (సైట్) దానికి తొలి పెద్ద నిదర్శనము. అమెరికా అంతరిక్షసంస్థ వారి ఏటీఎస్-6 ఉపగ్రహముద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు ప్రసారమైనవి. ఆంధ్రప్రదేశము ఆ ఆరింటిలో ఒకటి. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము గ్రామస్థులకు ప్రసారములు జరిగెడివి. హిందీ, కన్నడము, ఒడియా, తెలుగు భాషలలో కార్యక్రమములు తయారు చేయబడినవి. విద్యుత్తు కూడ సరిగ లేని గ్రామములకు ఆకాశమునుండి పాఠము దిగివచ్చినది. అది తెలుగులో వచ్చినది. ఏర్పాటు ప్రకారము ఒక సంవత్సరము గడువు తీరగనే ఉపగ్రహము మరలిపోయినది. ఆ ప్రయోగము రెండు పాఠములు చెప్పినది. పిల్లవాని భాషలో పాఠమును తయారుచేయుట సాధ్యమనునది మొదటిది. అరువు తెచ్చుకొన్న సాధనముపై శాశ్వతమైన విద్యను నిలుపజాలమనునది రెండవది. మొదటి పాఠమును తరువాతివారు అంతగ గమనింపలేదు. రెండవ దానిని నేటికిని మరచుచునే యున్నారు.

1984-85లో కేంద్రప్రభుత్వము 'క్లాస్' అను పేరుతో పాఠశాలలలో కంప్యూటరు పరిచయ కార్యక్రమమును ప్రారంభించినది. అందుకై ఎన్నుకొనబడిన బీబీసీ మైక్రో యంత్రము బ్రిటను దేశపు ప్రజలకు కంప్యూటరు నేర్పుటకై 1981లో రూపొందింపబడినది. యంత్రము మంచిదే. కాని తెలుగు అక్షరమును చూపుట, తెలుగులో వ్రాయించుకొనుట దాని ఉద్దేశములలో లేవు. ఆనాడు భారతీయ భాషల లిపులకు కంప్యూటరులో స్థిరమైన సంకేతవ్యవస్థయే ఇంకను కుదురుకొనలేదు. భారతీయ లిపులకు ఉమ్మడి కీబోర్డుగ ఇన్‌స్క్రిప్ట్ అమరిక 1986లో ఏర్పడినది. తెలుగు లిపికి యూనికోడ్‌లో స్థానము 1991లో లభించినది. అనగా బడిలోనికి యంత్రము ముందు వచ్చినది, యంత్రములోనికి తెలుగు తరువాత వచ్చినది. ఈ వరుస తారుమారగుటవలన ఒక తరము విద్యార్థులకు కంప్యూటరనిన ఆంగ్లమనియే అభిప్రాయమేర్పడినది. ఆ అభిప్రాయము నాటి యంత్రపు పరిమితినుండి పుట్టినది. ఆ పరిమితి తొలగి ముప్పది సంవత్సరములు దాటినను అభిప్రాయము తొలగలేదు.

2004లో పాఠశాలలలో సమాచారసాంకేతిక విద్యాపథకమును, 2012లో తత్సంబంధమైన జాతీయ విధానమును ప్రభుత్వము ప్రకటించినది. 2018 నుండి ఆ పథకము సమగ్రశిక్షలో అంతర్భాగమైనది. పథకములకు కొరత లేదు. అయితే యంత్రమును కొని యిచ్చుటతో పథకము ముగిసినట్లు భావించు అలవాటు తొలినాళ్ళనుండియు ఉన్నది. గుజరాతులోని వడోదరా నగరము అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. 2000వ సంవత్సరమున అక్కడి పురపాలక ప్రాథమిక పాఠశాలలకు బడికి నాలుగేసి చొప్పున కంప్యూటర్లు ఇయ్యబడినవి. రెండేండ్ల పిమ్మట పరిశీలింపగా వానిని ఉపయోగించుచున్న బడులు బహుస్వల్పముగ కనబడినవి. యంత్రము బీరువాలోనో, తాళము వేసిన గదిలోనో యుండుట గుజరాతుకు మాత్రమే పరిమితమైన విషయము కాదని బడులనెరిగిన వారెల్లరు నెరుగుదురు. పాడగునేమో, ఎవరు జవాబు చెప్పవలెనో అను భయముచేత ప్రధానోపాధ్యాయుడు గదికి తాళము వేయును. ఆ భయమును నిందించుటకంటె దాని కారణమును తొలగించుట మేలు.

అదే వడోదరాలో ప్రథమ్ అను స్వచ్ఛందసంస్థ ఆ యంత్రములను ఉపయోగించి నాలుగవతరగతి పిల్లలకు వారమునకు రెండు గంటలు గణితమును ఆటల రూపమున నేర్పినది. యంత్రమునకు ఇద్దరు పిల్లలు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో మొదలగు ఆర్థికశాస్త్రవేత్తలు ఆ కార్యక్రమమును పరీక్షించి 2007లో ఫలితములను ప్రకటించిరి. పిల్లల గణితజ్ఞానము స్పష్టముగ పెరిగినది. కార్యక్రమము ముగిసిన ఏడాదికి ఆ ఫలితములో అధికభాగము తరిగిపోయినది. అదే పరిశోధనలో మరియొక అంశము కలదు. చదువులో వెనుకబడిన పిల్లలను చిన్నజట్టుగ చేర్చి, ఆ వాడకే చెందిన చదువుకొన్న యువతిచేత రోజునకు రెండు గంటలు చదువు చెప్పించిరి. ఆమెను బాలసఖి యనిరి. వెచ్చించిన రూపాయికి వచ్చిన ఫలితమును లెక్కించినపుడు బాలసఖి కంప్యూటరుకంటె అనేక రెట్లు మిన్నయని తేలినది. లీ లిండెన్ అను పరిశోధకుడు గుజరాతులోనే జరిపిన మరియొక పరీక్షలో, మామూలు బోధనాసమయమును తొలగించి కంప్యూటరును పెట్టినచోట పిల్లల చదువు తగ్గినది. బోధనకు అదనముగ బడివేళల వెలుపల పెట్టినచోట కొంత పెరిగినది.

దీనినిబట్టి కంప్యూటరు నిరుపయోగమని తేల్చుట తొందరపాటగును. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అను బోధనాసాధనముపై జరిగిన పరిశోధన 2019లో ప్రకటితమైనది. అందు ఆరవతరగతి పిల్లలు గణితమున సగటున రెండున్నర తరగతులు వెనుకబడి యున్నట్లు కనబడినది. తరగతిలో ఉపాధ్యాయుడు ఆరవతరగతి పాఠము చెప్పుచుండగా పిల్లవాడు మూడవతరగతి లెక్కవద్దనే నిలిచిపోయియుండును. ఆ సాధనము పిల్లవాడు ఏ మెట్టుమీద నున్నాడో కనిపెట్టి, ఆ మెట్టునుండియే పాఠము మొదలిడినది. నలుబదియైదు నిమిషములు యంత్రమువద్ద, నలుబదియైదు నిమిషములు చిన్నజట్టులో ఒక బోధకునివద్ద గడపిన ఈ పిల్లలు నాలుగున్నర నెలలలో గణితమునను హిందీయందును మంచి అభివృద్ధి చూపిరి. ఇక్కడ గమనింపదగిన సంగతులు మూడు. యంత్రము పిల్లవాని స్థాయికి దిగివచ్చినది. చెంత ఒక బోధకుడు ఉండెను. అభివృద్ధి కనబడిన భాష పిల్లవాడు ఎరిగిన హిందీ. ఈ మూడును లేక కేవలము తెరను మాత్రమే తెచ్చిపెట్టి ఇట్టి ఫలితమును ఆశించుట విత్తనము లేక నీరు పెట్టుటవంటిది.

భాషావిషయమున కేరళరాష్ట్రము అనుసరించిన మార్గము తెలుగువారు శ్రద్ధగ పరిశీలింపదగినది. అక్కడ ఐటీ@స్కూల్ కార్యక్రమము 2001లో మొదలైనది. 2005లో పదవతరగతి పరీక్షలో అది పాఠ్యవిషయమైనది. ఆ రాష్ట్రము లైసెన్సు రుసుము లేని స్వేచ్ఛాసాఫ్ట్‌వేరును ఎన్నుకొని, దానిని మలయాళమునకు అనుగుణముగ మలచుకొనినది. బయటివారిని నియమింపక, బడిలో పనిచేయు ఉపాధ్యాయులలోనివారినే శిక్షకులుగ తయారుచేసినది. 2017లో ఆ కార్యక్రమము 'కైట్' అను ప్రభుత్వసంస్థగ మారినది. 2018 నుండి 45,000 తరగతిగదులను ఆధునికీకరించు పని సాగినది. వేలకొలది పాఠశాలల చరిత్రలను, గ్రామవిశేషములను ఉపాధ్యాయులును విద్యార్థులును మలయాళమున వ్రాసి 'స్కూల్ వికీ'లో చేర్చిరి. ఈ చివరి విషయము చిన్నదిగ కనబడవచ్చును. కాని పిల్లవాడు తన భాషలో కంప్యూటరుపై తన ఊరినిగురించి వ్రాసినవాడై, ఇతరులు వ్రాసిపెట్టినదానిని చూచువాడు మాత్రముగ మిగులలేదు. ఈ రెండు స్థితులకును గల అంతరమే ఈ సమస్యకంతకును మూలము.

పొరుగుదేశములలోను ఇట్టి యత్నములు కలవు. శ్రీలంక విద్యాశాఖ 'ఈ-తక్సలావ' అను పాఠభాండారమును సింహళ, తమిళ, ఆంగ్ల భాషలలో నిర్వహించుచున్నది. బంగ్లాదేశములో ఉపాధ్యాయులే బంగ్లాభాషలో పాఠములు తయారుచేసి పరస్పరము పంచుకొనుటకై 'శిక్షక్ బాతాయన్' అను వేదిక ఏర్పడినది. నేపాలులో 'ఓఎల్ఈ నేపాల్' సంస్థ 2008లో బడిపిల్లలకు చిన్నకంప్యూటర్లను ఇచ్చు పనిని చేపట్టి, ఆ దేశపు పాఠ్యప్రణాళికకు సరిపడునట్లు 'ఈ-పాఠ్' అను పాఠములను నేపాలీభాషలో కూర్చినది. ఈ దేశములేవియు మిక్కిలి ధనవంతములు కావు. తమ భాషలో పాఠమును తామే తయారుచేసికొనవలెనను నిశ్చయమే వానిని నడిపినది.

ఇక తెలుగునేలను చూతము. కోవిడ్ మహమ్మారి కాలమున తెలంగాణములో 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారములద్వారా పాఠములు చెప్పబడినవి. ఆంధ్రప్రదేశములో సప్తగిరి ప్రసారములు ఆ పనిని చేసినవి. సైట్ ప్రయోగము ముగిసిన నలుబది నాలుగేండ్లకు తెలుగు ఉపాధ్యాయుడు మరల తెరమీద కనబడెను. పాఠ్యపుస్తకములలో ఒక పుట తెలుగును, దాని ఎదుటి పుట ఆంగ్లమును ఉండు ద్విభాషాపద్ధతి ఆంధ్రప్రదేశములో 2020-21 నుండియు, తెలంగాణములో 2022-23 నుండియు అమలులోనికి వచ్చినది. కేంద్రప్రభుత్వము 2017 సెప్టెంబరు 5వ తేదీన ప్రారంభించిన 'దీక్షా' వేదికకు పుస్తకమునుండి దారి చూపు క్యూఆర్ గుర్తులు పాఠములలో చోటుచేసికొనినవి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశప్రభుత్వము ఎనిమిదవతరగతి విద్యార్థులకును, ఉపాధ్యాయులకును లక్షలసంఖ్యలో ట్యాబ్‌లను పంచినది. తరగతులలో పెద్దతెరల స్థాపనయు జరిగినది. ఇంత విస్తారమైన వ్యయము జరిగిన తరువాత ఒక్క ప్రశ్న వేయుట అవసరము. ఈ యంత్రములలో విద్యార్థి తెలుగున చదువదగినది ఎంత? తెలుగున వ్రాయుటకు వానికి కల్పింపబడిన అవకాశము ఎంత?

పిల్లలకు యంత్రము తెలియదను మాట ఇపుడు చెల్లదు. అసర్ 2024 నివేదిక ననుసరించి గ్రామీణభారతమున 14-16 సంవత్సరముల వయసుగల పిల్లలలో నూటికి 82 మంది స్మార్ట్‌ఫోనును ఉపయోగింపగలరు. వారిలో క్రిందటివారము చదువుకై దానిని వాడినవారు 57 మంది. సామాజికమాధ్యమములకై వాడినవారు 76 మంది. 2023 నాటి నివేదికలో, ఫోనును ఉపయోగింపగల 14-18 ఏండ్ల బాలురలో నూటికి 43.7 మందికి స్వంతఫోను కలదు, బాలికలలో 19.8 మందికి మాత్రమే కలదు. ఇంట అన్నచేతిలోని ఫోను చెల్లెలి చేతికి రాదు. అట్టి బాలికకు కంప్యూటరును చేతితో తాకు అవకాశము కల్పింపగలది బడియొక్కటియే. కావున బడిలో కంప్యూటరు విలాసమనువారి మాటను అంగీకరింపరాదు. అయితే ఆ బాలికకు లభించు అరగంటలో ఆమె చేయవలసిన పని యేమి యనునదే విచారింపదగినది.

పరిభాషవిషయము ముందుగ చెప్పవలెను. తెలుగు భౌతికశాస్త్రపాఠములలో స్పీడ్ అనుదానికి వడి యనియు, వెలాసిటీ యనుదానికి వేగమనియు వేరువేరు పదములు స్థిరపడియున్నవి. ద్రవ్యరాశికిని భారమునకును భేదము అట్టిదే. 1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమియు, అంతకుముందునుండి పరిభాషపై శ్రమించిన పండితులును కూర్చిన సంపద యిది. ఆంగ్లములో తయారైన పాఠమును శాస్త్రమెరుగనివారు గాని, యంత్రము గాని తెలుగున కనువదించినచో రెండింటిని వేగమనియే వ్రాయు ప్రమాదము కలదు. పిల్లవాడు పుస్తకమున వడి యని చదివి, తెరపై వేగమని విని, పరీక్షలో ఏమి వ్రాయవలెనో తెలియక నిలుచును. అపుడు ఉపాధ్యాయుడు తెరను ఆర్పివేయును; దోషము సాంకేతికవిద్యపై పడును. నిజమునకు దోషము పరిభాషను పరిశీలింపని తొందరది. తెలుగుశాఖలకు ఈ పనితో సంబంధము లేదనుకొనుట పొరపాటు.

అక్షరరూపముల విషయము మరియొకటి. తెలుగు ముద్రణారంగమున యూనికోడ్ కాని అక్షరములతో పుటలు కూర్చు అలవాటు చిరకాలమునుండి యున్నది. కాగితముపై అవి అందముగనే యుండును. కాని అట్లు కూర్చిన పుస్తకమును కంప్యూటరులో తెరచి ఒక పదమును వెదకినచో దొరకదు. వేరొకచోటికి ఎత్తి వ్రాసినచో అర్థము లేని గుర్తులు కనబడును. అంధవిద్యార్థికి పుస్తకమును చదివి వినిపించు యంత్రము ఉన్నను, అది ఆ పుటను చదువజాలదు. కనులున్నవారికి ముద్రణ సౌకర్యముగ తోచినది, కనులు లేని బాలునికి మూసిన తలుపగుచున్నది. పాఠ్యపుస్తకములన్నిటిని యూనికోడ్ పాఠముగ గూడ ప్రకటింపవలెనను ఒక్క నియమము చేసినచో, క్రొత్తయంత్రము ఒక్కటియు కొనకయే వేలమంది పిల్లలకు చదువు చేరువగును.

అన్నిటికంటె ముఖ్యమైనది వ్రాత. నేడు తెలుగు బాలురు ఫోనులో తెలుగుమాటలను ఆంగ్లాక్షరములతో వ్రాయుచున్నారు. ఇందు వారి అపరాధము లేదు. పలకపై అ ఆ లు దిద్దించిన బడి, కంప్యూటరుపై అ ఆ లు వ్రాయుట నేర్పలేదు. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులును గుణింతపుగుర్తులును ఒక చేతివైపున, హల్లులు మరియొక చేతివైపున క్రమముగ నుండును. వర్ణమాల నెరిగిన పిల్లవానికి దానిని అలవాటుచేయుట కష్టము కాదు. వారమునకొక గంట చొప్పున కొన్ని నెలలు అభ్యాసము చేయించిన చాలును. ఆ గంటకు వేరుగ ఆచార్యుడు అక్కరలేదు. తెలుగు ఉపాధ్యాయుడే చాలును, అతనికి ముందుగ నేర్పినచో. నేటివరకు కంప్యూటరుగదికిని తెలుగు తరగతికిని నడుమ గోడ యున్నది. కంప్యూటరు గణితోపాధ్యాయునిదో, శాస్త్రోపాధ్యాయునిదో యను భావము నాటుకొనినది. వ్యాసమును వ్రాయించుట, దిద్దుట, మరల వ్రాయించుట తెలుగు ఉపాధ్యాయుని నిత్యకృత్యము. దిద్దుబాటునకు కంప్యూటరును మించిన సాధనము లేదు.

ఇట్లనగా ఒక ఆక్షేపణ రాకమానదు. ఉద్యోగములు ఆంగ్లముతో వచ్చును. కంప్యూటరు పరిజ్ఞానము ఆంగ్లమున విస్తారముగ కలదు. తెలుగులో వెదకుచు కూర్చుండినచో పిల్లలు వెనుకబడుదురు కదా యని. ఇది ధనికుల మాట మాత్రమే కాదు. కూలిచేసి పిల్లలను చదివించు తల్లిదండ్రుల మాటయు నిదియే. కనుక దీనిని తేలికగ త్రోసివేయరాదు. ఆంగ్లము నేర్పవలెను, బాగుగ నేర్పవలెను. కాని ఆంగ్లమును నేర్చుట వేరు, తెలియని ఆంగ్లములో గణితమును నేర్చుట వేరు. భిన్నములు అర్థముకాని పిల్లవానికి తెరమీద ఆంగ్లములో భిన్నములు చెప్పినచో వానికి భిన్నములును రావు, ఆంగ్లమును రాదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము సాధ్యమైనంతవరకు కనీసము ఐదవతరగతివరకు, ఎనిమిదవతరగతివరకైన మరియు మేలు, ఇంటిభాషలో బోధన సాగవలెనని చెప్పినది ఇందుకే. భాషను దాటించు శక్తి కంప్యూటరుకు కలదు. ఒకే పాఠమును తెలుగున విని, వెంటనే ఆంగ్లమున విను అవకాశమును నల్లబల్ల యీయజాలదు, కంప్యూటరు ఈయగలదు. ద్విభాషాపుస్తకము కాగితముపై ఆరంభించిన పనిని అది ముందునకు సాగింపవచ్చును. తెలుగు నుండి ఆంగ్లమునకు వంతెనగ దానిని వాడినచో తల్లిదండ్రుల కోరికయు తీరును, పిల్లవాని బుద్ధియు వికసించును.

ఇదే న్యాయమును తెలుగువారు తమకంటె చిన్నభాషలవారికిని వర్తింపజేయవలెను. ఆదిలాబాదులోని గోండుబాలునికి, శ్రీకాకుళపుకొండలలోని సవరబాలికకు తెలుగు బడిభాషయే గాని ఇంటిభాష కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో గోండి, కొలామి, కోయ, కువి, సవర మొదలగు ఎనిమిది భాషలలో ప్రాథమికబోధనకై పుస్తకములు తయారైనవి. వానిని కొద్దిప్రతులలో అచ్చువేయుట వ్యయముతో కూడిన పని. కంప్యూటరులో నిలుపుట సులభము. ఆ భాషల పెద్దలు చెప్పు కథలను వారి గొంతుతోనే భద్రపరుప వచ్చును. ఆంగ్లము తెలుగును త్రోసివేయుచున్నదని బాధపడువారు, అదే తెరపై తెలుగు గోండిని త్రోసివేయకుండ చూచుట ధర్మము.

రాష్ట్రముల వెలుపలనున్న తెలుగువారికి ఈ సాధనము మరియు నవసరము. హోసూరు, బరంపురము, బళ్ళారి, షోలాపురము, ఖరగ్‌పూరు మొదలగు చోట్ల తరతరములుగ తెలుగుకుటుంబములు కలవు. అట్టి చోట్ల తెలుగు ఉపాధ్యాయుడు దొరకుట కష్టము, తెలుగుపుస్తకము సమయమునకు అందుట కష్టము. మంచి తెలుగు పాఠభాండారము ఒక్కటి ఏర్పడినచో దాని ప్రయోజనము రాష్ట్రముల సరిహద్దులతో ఆగిపోదు.

ఇటీవలి కాలమున ఈ సమస్యకు మరియొక ముఖము ఏర్పడినది. 2022 చివరనుండి ప్రశ్న వేసినచో జవాబును వ్రాసియిచ్చు కృత్రిమమేధాయంత్రములు సామాన్యుల చేతికి వచ్చినవి. బాలుడు గట్టిగ చదువగా విని తప్పులను చెప్పు సాధనము తెలుగునకు గూడ 2020లోనే వచ్చినది. ఇట్టి యంత్రములు తాము చదివిన రాతనుండియే భాషను నేర్చును. తెలుగులో కంప్యూటరు చదువగల రాత ఆంగ్లముతో పోల్చినచో మిక్కిలి స్వల్పము. ఉన్నదానిలోను పత్రికలభాష అధికము, బాలలభాష తక్కువ. ఒక ప్రాంతపు పలుకుబడి అధికము, తక్కిన ప్రాంతములవి తక్కువ. పాలమూరు బాలిక తన యింటిమాటతో చదివినపుడు యంత్రము దానిని తప్పని చెప్పినచో, ఆ తప్పు ఎవరిది? ఉపాధ్యాయుడైనచో ఆ మాటను గుర్తించి నవ్వి ముందునకు సాగును. యంత్రమునకు ఆ విచక్షణ ఎవరో నేర్పవలెను. మాండలికపదకోశములు, ఉచ్చారణల పరిశీలన, బాలసాహిత్యసేకరణ అను పనులు భాషాశాఖలలో వెనుకటినుండి జరుగుచునే యున్నవి. అవి ఇపుడు గ్రంథాలయపు అరలకు మాత్రమే చెందినవి కావు; ఒకటవతరగతి పిల్లవాని చదువుకు సాక్షాత్తుగ సంబంధించినవి.

ఈ విచారణ ఫలితముగ చేయవలసిన పనులు కొన్ని స్పష్టపడుచున్నవి. యంత్రములకై కేటాయించు ధనములో నిర్ణీతభాగమును ఉపాధ్యాయుల శిక్షణకును, తెలుగుపాఠముల కూర్పునకును ముందుగనే వేరుచేయవలెను; యంత్రము కొనిన పిదప మిగిలినది కాదు. ప్రతిబడిలోను ఒక ఉపాధ్యాయునికి కంప్యూటరుగది బాధ్యతను, మరమ్మతుకు ఖర్చుపెట్టు అధికారమును కలిపి యీయవలెను. అధికారములేని బాధ్యతయే గదికి తాళము వేయించుచున్నది. బోధనాసమయమును తగ్గించి యంత్రమును పెట్టరాదు. వెనుకబడిన పిల్లలకు అదనపు సమయమున, బోధకుని సమక్షమున దానిని వాడవలెను. ఎనిమిదవతరగతి పూర్తియగునాటికి ప్రతివిద్యార్థియు తెలుగు కీబోర్డుతో ఒక పుట వ్యాసమును స్వయముగ వ్రాయగలుగవలెనని నియమింపవలెను. పాఠ్యపుస్తకములను యూనికోడ్‌లో ప్రకటింపవలెను. తెరకెక్కు ప్రతిపాఠమును పరిభాషకై తెలుగుపండితుడును, విషయమునకై శాస్త్రోపాధ్యాయుడును కలిసి పరిశీలింపవలెను. ఇందు అసాధ్యమైనది ఏదియు లేదు. అధికవ్యయముతో కూడినదియు లేదు.

యంత్రములు మారుచునే యుండును. 1984 నాటి యంత్రము నేడు ప్రదర్శనశాలలలోనే కనబడును. నేటి ట్యాబ్ పదేండ్ల తరువాత పనికిరాకుండ పోవును. కాని ఒకసారి తెలుగున చక్కగ కూర్చిన గణితపాఠమును, స్థిరపరచిన పారిభాషికపదమును, యూనికోడ్‌లో నిలిపిన పుస్తకమును ఏ యంత్రమునకైనను మార్చుకొనవచ్చును. తెలుగు వ్రాయనేర్చిన పిల్లవాని వ్రేళ్ళు ఏ కీబోర్డుపైనైనను తెలుగును వ్రాయును. ప్రభుత్వధనము పదేండ్లకు పాతబడు వస్తువుపై ఎంత, పాతబడని పనిపై ఎంత వెచ్చింపబడుచున్నదో సంవత్సరమున కొకసారియైన లెక్కచూచినచో, తక్కిన నిర్ణయములు చేయుట కష్టము కాదు.